మీటరూ ముప్పై సెంటీమీటర్లు: ఒక క్లాడింగ్ కేసు

ఇంగ్లండ్‌లో నివాస భవనాల నిర్వహణ చూసే సంస్థలో పనిచేస్తాను. ఈ కేసు 2017 నుంచి 2024 దాకా నా బల్ల మీదే ఉంది. భవనం పేరు, నగరం, మనుషుల వివరాలు తీసేశాను. ఆ భవనం ఖర్చులను దగ్గరి అంకెకు సవరించాను. చట్టాలు, పథకాలు, వాటి తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

మంటలంటుకునే క్లాడింగ్‌ను, అంటే భవనం బయటి గోడలకు తొడిగే పలకలను, సరిచేయించే బాధ్యత ప్రభుత్వానిదా, యజమానులదా, కట్టినవాళ్ళదా అన్న వాదన 2017 నుంచి వింటున్నాను. ఫైలు పట్టుకుని కూర్చున్నవాడికి ఆ ప్రశ్న అలా ఎదురుకాదు. దరఖాస్తులో ఒక గడిగానో, ఒక కొలతగానో, ఒక తేదీగానో ఎదురవుతుంది. ఈ భవనంలో ఆ గడులు నింపడానికి మేము పడిన తంటాలు, చేసిన తప్పులు మరొకరికి పనికొస్తాయని రాస్తున్నాను.

భవనం, దాని వెనక మనుషులు

ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక నగరంలో 2008 ప్రాంతంలో కట్టిన ఏడంతస్తుల భవనం అది. 80 ఫ్లాట్లు. ముందువైపు వీధి, వెనక పల్లంలో కారు పార్కింగు. ఆ పల్లం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంగ్లండ్‌లో ఫ్లాటు కొన్నవారికి గోడల మీద యాజమాన్యం రాదు. నూటపాతికేళ్ళో, అంతకన్నా ఎక్కువో ఆ ఇంట్లో ఉండే లీజు హక్కు మాత్రమే వస్తుంది. నేలా భవనమూ ఫ్రీహోల్డర్‌వి. మరమ్మతు ఖర్చు మాత్రం సర్వీస్ ఛార్జీ పేరుతో లీజుదారుల మీదికే వస్తుంది. ఈ భవనం ఫ్రీహోల్డు రెండుసార్లు చేతులు మారి, ఏటా వచ్చే నేల అద్దె కోసం భవనాలు కొనే ఒక పెట్టుబడి కంపెనీకి చేరింది. మరమ్మతుల బాధ్యతను లీజు పత్రం నివాసుల సొంత నిర్వహణ కంపెనీ మీద పెట్టింది. దానికి ముగ్గురు డైరెక్టర్లు. ముగ్గురూ ఆ భవనంలోనే ఉంటారు, పైసా జీతం లేదు. కంపెనీ ఆస్తి అంటే బ్యాంకు ఖాతాలో ఉన్న కొద్దిపాటి నిల్వే. మేము ఆ కంపెనీకి ఏజెంట్లం.

ఈ అమరికలో ఒక విడ్డూరం ఉంది. 2005 నాటి అగ్నిమాపక భద్రతా ఉత్తర్వు ప్రకారం బాధ్యుడు ఎవరని అడిగితే, జవాబు ఆ ముగ్గురి కంపెనీయే. అగ్నిమాపక శాఖ నోటీసు ఇవ్వాలంటే ప్రమాదంలో ఉన్నవాళ్ళ చేతికే ఇవ్వాలి.

కట్టిన కంపెనీని అడుగుదామంటే, ఆ ఒక్క భవనం కోసం పెట్టిన ఆ కంపెనీని ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాక రద్దు చేసుకున్నారు.

2017: నేను రాసిన ఉత్తరం

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు. రెండు పలుచని అల్యూమినియం రేకుల నడుమ పాలిథిలిన్ పొర ఉన్న ఏసీఎం పలకలు మంటను గోడ పొడవునా పైకి తీసుకెళ్ళాయి. భవనాల మీద ఉన్న ఏసీఎం నమూనాలను పరీక్షకు పంపమని ప్రభుత్వం కోరింది. మా భవనం పలకలు చూశాం. ఏసీఎం కాదు. ఊపిరి పీల్చుకుని జులైలో 80 ఫ్లాట్లకూ ఉత్తరం రాశాను: మన భవనం మీద ఉన్నది గ్రెన్‌ఫెల్‌లో వాడిన రకం కాదు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా ఈ కేసులో నా మొదటి తప్పు అదే. ప్రభుత్వం అడిగిన ప్రశ్నకు జవాబిచ్చి, నివాసులు అడుగుతున్న ప్రశ్నకు జవాబిచ్చానని అనుకున్నాను. వాళ్ళు అడిగింది ఈ గోడ మండుతుందా అని. నేను చెప్పింది పలక పేరు.

మా పలకలు హెచ్‌పీఎల్ రకం. కాగితపు పొరలను రెసిన్‌లో తడిపి, వేడి చేసి, గట్టిగా అదిమి తయారుచేస్తారు. చూడటానికి చెక్కలా అందంగా ఉంటాయి. ప్రభుత్వం తర్వాత చేయించిన పరీక్షల ఆధారంగా, సాధారణ రకం, అంటే నిప్పుకు స్పందనలో సి, డి తరగతుల హెచ్‌పీఎల్ పలకలు వెనక ఏ ఇన్సులేషన్ ఉన్నా మంటను ఆపడం దాదాపు అసాధ్యమని 2019 జులైలో నిపుణుల సూచన వెలువడింది. మా భవనం కట్టేనాటి మార్గదర్శకాల్లో, ఉపరితలం మీద మంట పాకే తీరును బట్టి ఇచ్చే 'క్లాస్ 0' అనే పాత కొలమానం చాలునన్నట్టు ఉండేది. వెనక ఉన్న నురగ ఇన్సులేషన్ గురించి ఆ పుస్తకంలోని వాక్యాలను పదిమంది నిపుణులు పది రకాలుగా చదివేవారు.

గోడ విప్పి చూసినప్పుడు

2019 శరదృతువులో నాలుగు చోట్ల పలకలు విప్పించాం. పలక హెచ్‌పీఎల్, మంటను తట్టుకునే రకం కాదు. వెనక ప్లాస్టిక్ నురగ ఇన్సులేషన్. నడుమ గాలి ఆడే ఖాళీ. మంట పుడితే ఆ ఖాళీ పొగగొట్టంలా పనిచేస్తుంది కనుకనే అంతస్తు అంతస్తుకూ కావిటీ బారియర్లు అనే అడ్డుకట్టలు వేయాలి. నాలుగింటిలో మూడు చోట్ల అవి లేవు. నాలుగో చోట ఉన్నది గోడకు ఆనలేదు. బాల్కనీల నేల చెక్కతో చేసినది.

అగ్నిమాపక శాఖతో మాట్లాడాక, మంట వస్తే ఎవరి ఫ్లాట్లో వాళ్ళు ఉండాలన్న పాత పద్ధతిని ఆపేసి, అందరూ ఒకేసారి దిగిపోయే పద్ధతికి మారాల్సి వచ్చింది. అప్పటికి భవనమంతటికీ కలిసి మోగే అలారం లేదు. కాబట్టి ఇద్దరు మనుషులు రాత్రింబవళ్ళు అంతస్తులు తిరుగుతూ కాపలా కాయాలి. ఇక్కడ దాన్ని వేకింగ్ వాచ్ అంటారు. మాకు నెలకు 22 వేల పౌండ్ల దాకా అయింది, అంటే ఫ్లాటుకు 275 పౌండ్లు. ప్రభుత్వం 2020లో సేకరించిన లెక్కల్లో మధ్యస్థ ఖర్చు ఇంటికి నెలకు 137 పౌండ్లు. ఫ్లాట్లు తక్కువున్న భవనానికి భారం ఎక్కువ. కాపలా మనిషి జీతం ఎనభై మంది పంచుకున్నా, మూడువందల మంది పంచుకున్నా అంతే కదా.

ఇక్కడ రెండో తప్పు. అలారం ఖర్చు ఒక్కసారికి 95 వేలు. నాలుగు నెలల పైచిలుకు కాపలాతో సమానం. మొదటిరోజే అలారానికి ఆర్డరు ఇవ్వాల్సింది. లీజుదారుడి మీద 250 పౌండ్లకు మించి పడే పనికి 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ సెక్షన్ 20 కింద రెండు విడతల సంప్రదింపులు జరపాలి, ఒక్కో విడత 30 రోజులు. నేను ఆ పద్ధతినే పట్టుకున్నాను. అత్యవసరమని ట్రిబ్యునల్‌ను అడిగితే ఆ సంప్రదింపుల నుంచి మినహాయింపు ఇస్తుంది. ఆ దరఖాస్తు పెట్టడానికి ఏడు వారాలు ఆలస్యం చేశాను. నియమం తప్పితే తర్వాత డబ్బు వసూలు కాదేమోనన్న భయం. ఆ భయం ఖరీదు నెలకు 22 వేలు.

పని మొదలుపెట్టకపోవడం

2019 నవంబరు 15 రాత్రి బోల్టన్‌లో విద్యార్థులు ఉండే క్యూబ్ అనే భవనం మండింది. హెచ్‌పీఎల్ పలకలు. ప్రాణనష్టం జరగలేదు, కానీ పై అంతస్తులు కాలిపోయిన ఫొటోలు మా నివాసులందరి ఫోన్లలోకీ వచ్చాయి. ఆ భవనం 18 మీటర్లకు కొద్దిగా తక్కువ. 2018 డిసెంబరు 21 నుంచి ఇంగ్లండ్‌లో కొత్త నివాస భవనాల బయటి గోడల్లో మండే పదార్థాల మీద నిషేధం ఉంది, అది 18 మీటర్లు, ఆపైన ఉన్నవాటికే. మంట ఆ గీతను చదవలేదు.

డిసెంబరులో మా అంచనా వచ్చింది: గోడలు మార్చడానికి 24 లక్షల పౌండ్లు, ఫ్లాటుకు 30 వేలు. ఆ నెలలోనే రుణాలిచ్చే బ్యాంకుల కోసం, బయటి గోడలకు నిప్పు ప్రమాదం ఎంతో చెప్పే ఈడబ్ల్యూఎస్1 అనే ఫారం మొదలైంది. మా భవనానికి అందులో అట్టడుగున ఉండే బీ2 వచ్చింది. దాంతో బ్యాంకులు ఆ ఫ్లాట్లకు విలువ సున్నా అని రాశాయి. అమ్ముకుని పోదామన్నా దారి లేదు.

జనవరిలో డైరెక్టర్ల సమావేశం. ఒకరు వెంటనే అందరికీ 30 వేల డిమాండు పంపి పని మొదలుపెడదామన్నారు. ఆవిడకు ఐదో అంతస్తులో పసిబిడ్డ. ఆవిడ మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో రాయలేను. రెండోవారు పంపవద్దన్నారు. మూడోవారు నా వైపు చూశారు.

నేను ఆలోచించిన తీరు ఇది. డిమాండు పంపితే మూడోవంతు మంది కట్టలేరు. వాళ్ళ మీద కోర్టుకు వెళ్ళాలి, ఏడాది పడుతుంది. మొత్తం చేతికి రానిదే కాంట్రాక్టరు పలకలు విప్పడు. సగం విప్పి డబ్బు ఆగిపోతే, ఇన్సులేషన్ బయటపడిన గోడతో భవనం ఇప్పటికన్నా ప్రమాదంలో పడుతుంది. కాబట్టి అలారానికీ, పూర్తి డిజైనుకూ సరిపడా మాత్రమే వసూలు చేద్దామన్నాను. ఏసీఎం ఉన్న ప్రైవేటు భవనాలకు ప్రభుత్వం 2019 మేలో 20 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించింది. మిగతా రకాలకూ ఏదో ఒకటి రాకపోదని ఒక మూల ఆశ. అది లెక్క కాదు, ఆశే. ఆ తేడా డైరెక్టర్లకు స్పష్టంగా చెప్పాను.

2020 మార్చి 11న బడ్జెట్‌లో ఏసీఎం కాని ప్రమాదకర క్లాడింగ్ కోసం 100 కోట్ల పౌండ్ల బిల్డింగ్ సేఫ్టీ ఫండ్ ప్రకటించారు. నిబంధనలు వచ్చాక చదివితే ఒక వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది. మార్చి 11కు ముందే పనికి కట్టుబడినా, పని మొదలుపెట్టినా నిధి రాదు.

మరో సంస్థ చూసే భవనం ఒకటి నాకు తెలుసు. అక్కడి నివాసులు అప్పులు చేసి, చందాలు పోగుచేసి ఫిబ్రవరిలోనే కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు. బాధ్యతగా నడుచుకున్నవాళ్ళు వాళ్ళు. వాళ్ళకు నిధి రాలేదు. నెలన్నర ముందు నేను సిగ్గుపడుతూ ఇచ్చిన సలహా మాకు 24 లక్షలు మిగిల్చింది. దీన్ని నా తెలివి అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ప్రభుత్వం బాధ్యత తీసుకునే రోజును వెనక్కి కాక ముందుకు మాత్రమే గీసింది. మేము ఆ గీతకు ఇటువైపు నిలబడి ఉండటం యాదృచ్ఛికం.

18 మీటర్లు ఎక్కడి నుంచి

నిధికి పేర్లు నమోదు చేసుకునే గడువు 2020 జులై 31. నిధి 18 మీటర్లు, ఆపైన ఉన్న భవనాలకే. పాత డ్రాయింగుల్లో మా ఎత్తు 17.1 మీటర్లు. నమోదైతే చేశాను కానీ, తిరస్కారం ఖాయమనే అనుకున్నాను. అనుకున్నట్టే ఎత్తుకు ఆధారం చూపమని ప్రశ్న వచ్చింది.

ఇక్కడ మా సర్వేయరు చేసిన పని చెప్పాలి. అతను డ్రాయింగు వదిలేసి నిర్వచనం చదివాడు. భవనం ఎత్తు అంటే కప్పు దాకా కాదు. అన్నిటికన్నా పై అంతస్తు నేల మట్టం నుంచి, భవనానికి ఏ వైపు నేల పల్లంగా ఉందో ఆ వైపు నేల దాకా. మా డ్రాయింగు వీధి వైపు నుంచి కొలిచింది. వెనక పార్కింగు వైపు నేల 1.3 మీటర్లు కింద ఉంది. అక్కడి నుంచి కొలిస్తే 18.4.

పని అక్కడితో తీరలేదు. పార్కింగు వైపు నేల సహజంగానే పల్లమా, తర్వాత తవ్వినదా అని నిధి పరిశీలకులు అడిగారు. భవనం కట్టకముందు నాటి స్థల సర్వే కావాలి. నగర కౌన్సిల్ ప్లానింగ్ దస్త్రాల్లో అది దొరకడానికి మూడు నెలలు పట్టింది. 2021 తొలి నెలల్లో అర్హత ఖరారైంది.

ఆ 1.3 మీటర్ల విలువ ఎంతో ఆ ఫిబ్రవరిలోనే తెలిసింది. ఫిబ్రవరి 10న ప్రభుత్వం 18 మీటర్ల పైబడిన భవనాలకు మరో 350 కోట్ల పౌండ్లు ప్రకటించింది. 11 నుంచి 18 మీటర్ల నడుమ ఉన్నవాటికి మాత్రం అప్పు పథకం అంది, లీజుదారు నెలకు 50 పౌండ్లకు మించకుండా తీర్చుకోవచ్చట. 30 వేలను నెలకు 50 చొప్పున తీర్చడానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేయండి. అదే మట్టి, అదే పలక, అదే మంట. ఏటవాలు నేల వల్ల మా వాళ్ళకు గ్రాంటు. చదునైన నేల మీద ఉంటే యాభై ఏళ్ళ అప్పు. ఆ అప్పు ఆలోచనను 2022 జనవరిలో కొత్త మంత్రి మైఖేల్ గోవ్ రద్దు చేశారు. తర్వాత 11 మీటర్ల పైబడిన భవనాలకు వేరే పథకం వచ్చింది.

గ్రాంటు ఒప్పందం మీద సంతకం దగ్గర ఇంకో చిక్కు. తప్పు చేసినవారి నుంచి ఖర్చు రాబట్టడానికి తగిన ప్రయత్నం చేయాలి, వచ్చిన సొమ్మును ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలి అని ఒక షరతు. జీతం లేని డైరెక్టర్లు జంకారు. ఓడిపోతే లాయరు ఖర్చు ఎవరు భరించాలి? తగిన ప్రయత్నం అంటే గెలిచే అవకాశం లేని దావా కూడా వేయడం కాదని రాతపూర్వకంగా వివరణ తెప్పించాక సంతకం చేశారు. ఆ వివరణ కోసం ఆరు వారాలు ఆగడం సరైన నిర్ణయమనే ఇప్పటికీ అనుకుంటాను. ప్రభుత్వ దృష్టిలో ఆ డబ్బు బాధ్యత ఒప్పుకోలు కాదు, ముందస్తు చెల్లింపు. అది అర్థం కాకుండా సంతకం పెట్టకూడదు.

సర్టిఫికెట్ పట్టుకొచ్చిన పెద్దమనిషి

నిధి గోడలకే ఇచ్చింది. పలకలతో ముడిపడిన అడ్డుకట్టలకు ఒప్పుకుంది. చెక్క బాల్కనీలకు, ఫ్లాట్ల మధ్య గోడల్లో పైపుల చుట్టూ ఉన్న ఖాళీలకు ఒప్పుకోలేదు. వాటికి ఇంకో 6 లక్షలు. 2021 చివర ఆ డిమాండు పంపక తప్పలేదు, ఫ్లాటుకు 7,500.

నివాసుల సమావేశంలో ఒక విశ్రాంత బస్సు డ్రైవరు లేచారు. చేతిలో భవనం పూర్తయినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్ ప్రతి.

"ఈ కాగితం ఎవరి నిబంధనల ప్రకారం ఇచ్చారు?" అన్నారు.

"ప్రభుత్వ నిబంధనల ప్రకారమే," అన్నాను.

"నిబంధన వాళ్ళది, తనిఖీకి అనుమతి ఇచ్చింది వాళ్ళు, సరిగ్గా ఉందని కాగితం ఇచ్చింది వాళ్ళు అనుమతించిన మనిషి. నేను చేసింది ఏమిటి? ఇల్లు కొన్నాను. బిల్లు నాకెందుకు?"

ఆ సర్టిఫికెట్ నిబంధనలు పాటించారనడానికి సాక్ష్యమే కానీ తిరుగులేని సాక్ష్యం కాదని చట్టం. లీజు పత్రంలో ఖర్చు మీదేనని ఉందని చెప్పాను. చట్టప్రకారం సరైన జవాబు. ఆయన కూర్చోకుండా నిలబడే ఉన్నారు, నేను తర్వాతి అంశానికి వెళ్ళాను. 2024 సెప్టెంబరు 4న గ్రెన్‌ఫెల్ విచారణ రెండో నివేదిక వచ్చినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆయనే. పాలిథిలిన్ ఉన్న ఏసీఎం పలకలు భగ్గున మండాయని 2001 పరీక్షలోనే ప్రభుత్వ శాఖకు తెలుసనీ, ఫలితం ప్రచురించలేదనీ, నిబంధన బిగించలేదనీ అందులో ఉంది. 2009లో లండన్‌లోని లకనాల్ హౌస్ అనే భవనం మంటల్లో ఆరుగురు చనిపోయాక, మార్గదర్శకాలు అర్థమయ్యేలా రాయమని 2013లో ఆ మరణాలను విచారించిన అధికారి (కరోనర్) చెప్పినా పని సాగలేదనీ ఉంది. నిబంధన, తనిఖీ, కాగితం అంటూ ఆయన అన్న మూడు మాటలకూ ఆ విచారణ జరిపిన మార్టిన్ మూర్-బిక్ కమిటీ సమాధానం ఇచ్చింది. బిల్లు ప్రశ్నకు జవాబు మాత్రం అంతకు రెండేళ్ళ ముందే, వేరే చోట నుంచి వచ్చింది.

2022 చట్టం, మిగిలిన 6 లక్షలు

బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్‌కు 2022 ఏప్రిల్ 28న ఆమోదం లభించింది. లీజుదారుల రక్షణలు జూన్ 28న అమల్లోకి వచ్చాయి. కనీసం 11 మీటర్లు లేదా ఐదు అంతస్తులు ఉన్న భవనంలో, 2022 ఫిబ్రవరి 14 నాటికి అది సొంత నివాసమైనా, లేదా దేశంలో మొత్తం మూడుకు మించి ఇళ్ళు లేకపోయినా ఆ లీజుకు రక్షణ ఉంటుంది. క్లాడింగ్ ఖర్చు అసలే వేయకూడదు. మిగతా లోపాలకు లండన్ బయట చాలా ఇళ్ళకు 10 వేలు పరిమితి. ఫ్లాటు విలువ 1,75,000 పౌండ్లకు తక్కువైతే అదీ వేయకూడదు. ఒక్కో భవనానికి 20 లక్షల పౌండ్లకు మించి ఆస్తి ఉన్న ఫ్రీహోల్డర్ ఉంటే అప్పుడూ వేయకూడదు.

జులై మొదటి వారంలో మా 7,500 డిమాండును ఆపేశాం. అప్పటికే కట్టిన పదకొండు మందికి ఆ సొమ్ము ఇంకా ఖర్చు కాలేదు కనుక తిరిగి ఇచ్చాం. కాపలాకు, అలారానికి కట్టింది ఖర్చైపోయింది, దాన్ని ఇవ్వలేకపోయాం.

ఈ దశలో మాకు బాగా పనికొచ్చింది ఒక చిన్న నియమం. ఫ్రీహోల్డర్ తన ఆస్తి వివరాలతో సర్టిఫికెట్ నాలుగు వారాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే, సరిగా ఇవ్వకపోతే, ఆ ఆస్తి పరిమితిని దాటినట్టే చట్టం లెక్కిస్తుంది. మేము అడిగాం. వచ్చిన సర్టిఫికెట్‌లో మాతృసంస్థల లెక్కలు లేవు. ఇదివరకైతే వివరాలు పూర్తి చేయమని మర్యాదగా ఉత్తరం రాసేవాణ్ణి. ఈసారి అంది పుచ్చుకుని ఫైలులో పెట్టుకుని, గడువు దాటే దాకా నోరెత్తలేదు. నా ఉద్యోగంలో మౌనంగా ఉండటానికి జీతం తీసుకున్న అరుదైన నెల అది.

రక్షణ వర్తించని ఫ్లాట్లు ఐదు. అందులో నాలుగు ఒక వృద్ధ దంపతులవి, పింఛనుకు బదులుగా కొనుక్కున్న చిన్న ఫ్లాట్లు. మూడు ఇళ్ళ గీత దాటారు కనుక వాళ్ళు ఆగర్భ శ్రీమంతులతో ఒకే గడిలో పడ్డారు. గోడల పని నిధి నుంచి జరిగింది కనుక ఆ మేరకు తప్పించుకున్నారు. మిగతాది కట్టారు. ఈ కేసులో నాకు దారి దొరకనిది అదొక్కటే.

సరే, లీజుదారుల దగ్గర వసూలు చేయకూడదు. మరి ఆ మిగతా 6 లక్షలు ఎవరిస్తారు? పని చేయించాల్సిన కంపెనీ దగ్గర పైసా లేదు. చట్టంలోని 124వ సెక్షన్ కింద, కట్టినవారి అనుబంధ కంపెనీల నుంచి కూడా ఖర్చు ఇప్పించమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. 2022 ఫిబ్రవరి 14కు ముందు ఐదేళ్ళలో రెండు కంపెనీలకూ ఒకే డైరెక్టరు ఉంటే అవి అనుబంధమే. కంపెనీల రిజిస్టరులో రెండు సాయంత్రాలు కూర్చున్నాను. మాకు కట్టిన కంపెనీ ఆ ఐదేళ్ళ లోపే రద్దయింది. దాని చివరి డైరెక్టరు పేరు మరో బతికున్న, లాభాల్లో ఉన్న కంపెనీలో కనిపించింది. ప్రభుత్వంతో 2023లో ఒప్పందం చేసుకున్న పెద్ద నిర్మాణ సంస్థల జాబితాలో అది లేదు కనుక అప్పటిదాకా ఎవరి కంటా పడలేదు.

దరఖాస్తు వేశాం. విచారణ దాకా పోలేదు. 2024 జనవరిలో లండన్ ఈస్ట్ విలేజ్ భవనాల విషయంలో ట్రిబ్యునల్ దాదాపు 1.8 కోట్ల పౌండ్లు చెల్లించమని ఆదేశించింది. ప్రభుత్వ నిధి ఉన్నంత మాత్రాన కట్టినవారు తప్పించుకోలేరనీ, ప్రజాధనం చివరి ఆధారమే కావాలనీ అందులోని తర్కం. ఆ తీర్పు వచ్చిన నెల తిరగకముందే అవతలి లాయర్ల గొంతు మారింది. 6 లక్షల్లో ఎక్కువ భాగం, కాపలా, అలారం ఖర్చుల్లో కొంత ఇచ్చి రాజీపడ్డారు. అలారం డబ్బులో సగం నివాసులకు తిరిగి చేరింది.

గోడల పని

దీని గురించి తక్కువే చెప్పాలి, ఎందుకంటే డబ్బు తేలాక ఇదే సులువు. 2022 వసంతంలో మొదలై పధ్నాలుగు నెలలు సాగింది. పాత పలకల చోట మండని అల్యూమినియం పలకలు, వెనక రాతి ఊలు ఇన్సులేషన్, ప్రతి అంతస్తుకూ అడ్డుకట్టలు. కప్పిన ప్లాస్టిక్ పట్టాల వెనక ఆ పధ్నాలుగు నెలలూ జనం పగలు కూడా దీపం వేసుకుని బతికారు. ఆ అసౌకర్యానికి పరిహారం ఏ పథకంలోనూ లేదు. పని మొదలయ్యే ముందు నివాసులకు చెప్పిన దానిలో గడువులు, శబ్దం, దుమ్ము అన్నీ ఉన్నాయి. చీకటి లేదు. మళ్ళీ చేస్తే మొదటి పేజీలో అదే రాస్తాను.

మళ్ళీ చేయాల్సి వస్తే

ఎవరిది తప్పు అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం వల్ల రెండేళ్ళు పోయాయి. వారంటీ కంపెనీకి, తనిఖీ చేసినవారికి, ఫ్రీహోల్డర్‌కు ఉత్తరాలు రాశాను, అందరూ మర్యాదగా కాదన్నారు. మొదటి వారంలోనే చేయాల్సిన పనులు వేరు: గోడ విప్పడం, అలారం పెట్టడం, నాలుగు వైపుల నుంచీ ఎత్తు కొలవడం, కట్టిన కంపెనీ డైరెక్టర్ల పేర్లు రాసుకోవడం. నాలుగూ కలిపి చూస్తే కాపలా కన్నా చవక.

2024 నవంబరులో జాతీయ ఆడిట్ కార్యాలయం ఇచ్చిన నివేదిక ప్రకారం 11 మీటర్ల పైబడిన భవనాల్లో 9,000 నుంచి 12,000 దాకా మరమ్మతు అవసరం కావచ్చు, ఖర్చు దాదాపు 1,660 కోట్ల పౌండ్లు. ప్రభుత్వం తన వాటాను 510 కోట్లకు పరిమితం చేసుకుంది. మిగతాది నిర్మాణ సంస్థలు, యజమానులు, 2026 నుంచి కొత్త కట్టడాల మీద వేసే సుంకం. ఆ భవనాల్లో చాలా వాటిని అప్పటికి గుర్తించనే లేదు. అంటే నా లాంటి ఉత్తరాలు రాసినవాళ్ళు ఇంకా ఎందరో ఉన్నారన్నమాట.

మొన్న పక్క నగరం నుంచి ఒక యువ మేనేజరు ఫోను చేసింది. నాలుగంతస్తుల భవనం, పలకల వెనక నురగ, ఎత్తు 10.6 మీటర్లు. 11 మీటర్ల గీత కింద ఉంటే నిధీ లేదు, లీజుదారులకు చట్టం ఇచ్చే రక్షణా లేదు.

"ఏమైనా మార్గం ఉందాండీ?" అంది.

"కొలత ఏ వైపు నుంచి తీశారు?" అన్నాను.

"వీధి వైపు నుంచి."

"వెనక నేల ఎలా ఉంటుంది?"

కాసేపు మాట రాలేదు. ఫోన్లో మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది.